కారెక్కితే వాంతి చేసుకునే కుక్కతో ఆరు గంటల ప్రయాణం: ఈ మూడు వారాల్లో ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మూడేళ్ల లాబ్రడార్. ఇంకో మూడు వారాల్లో కారులో ఆరు గంటల దూరం వెళ్లి, నాలుగు రోజులు ఉండి రావాలి. వాణ్ణి ఇంతవరకూ డాక్టర్ దగ్గరికి తప్ప కారులో ఎక్కడికీ తీసుకెళ్లలేదు, ఆ పావుగంట దారిలోనే చొంగ కార్చి వాంతి చేసుకుంటాడు. నిద్రమాత్ర వేసి తీసుకెళ్లొచ్చా, లేక ఎవరి దగ్గరైనా వదిలి వెళ్లడం మేలా?

ముందు మాత్ర సంగతి. వద్దండి. మత్తిస్తే కుక్క కదలకుండా పడి ఉంటుంది కాబట్టి మనకు హాయిగా అనిపిస్తుంది, అంతే. చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్న ఎసిప్రొమజైన్ లాంటి మందులు ఒంటిని మొద్దుబారుస్తాయి గానీ లోపలి భయాన్ని పెద్దగా తగ్గించవు. పైగా రక్తపోటు పడిపోతుంది, ఒంటి వేడిని సర్దుకునే శక్తి తగ్గుతుంది. మత్తులో ఉన్నప్పుడు వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. విమానాల్లో అయితే మత్తిచ్చిన కుక్కను చాలా సంస్థలు ఎక్కించుకోవు కూడా. ఇంట్లో మనుషులు వాడే మాత్ర ముక్క విరిచి వేయడం గురించి ఇక చెప్పనక్కర్లేదు. వాంతికి, భయానికి వేరే మందులు ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను.

కుక్కలతో పనిచేయడం మొదలుపెట్టినప్పటి నుంచీ నేను చూస్తున్నది ఒకటే. వాటిని ఇబ్బంది పెట్టేది దూరం కాదు. కొత్త బెల్టు, కొత్త సీటు, కొత్త గది, కొత్త తిండి, కొత్త మనుషులు, అన్నీ ఒకేరోజు మీద పడటం. అందుకే మీ చేతిలో ఉన్న మూడు వారాలు ఎంతో విలువైనవి. బ్యాగు సర్దడానికి ఒక సాయంత్రం చాలు. మిగతా రోజులన్నీ ఈ కొత్తవాటిని ఒక్కొక్కటిగా ఇంట్లోనే పాతబడేలా చేయడానికి వాడండి.

అంతకన్నా ముందు తీసుకెళ్లాలా వద్దా తేల్చుకోవాలి. ఆ నాలుగు రోజుల్లో మీ వాడు ఎక్కడ ఉంటాడో గంటగంటకీ కాగితం మీద రాసి చూడండి. పొద్దున్నే మీరంతా బయటికి పోయి చీకటిపడ్డాక వచ్చేటట్లయితే, వాడికి ఆ ప్రయాణమంటే తెలియని గదిలో తాళం వెనక కూర్చోవడమే. అలాంటప్పుడు వదిలి వెళ్లడమే ప్రేమ. బెంగపడతాడని జాలిపడి తీసుకెళ్లి, అక్కడ ఒంటరిగా వదిలేసే వాళ్లను చాలామందిని చూశాను. అలా కాకుండా రోజులో ఎక్కువ భాగం మీతో తిరిగే వీలుంటే తీసుకెళ్లండి. బాగా ముసలివైన కుక్కలు, గుండె జబ్బున్నవి, ఈ మధ్యే ఆపరేషన్ అయినవి, కొత్తవాళ్లను చూస్తే పళ్లు చూపించేవి, నిండు చూలుతో ఉన్నవి ఇంటిపట్టునే ఉండటం మంచిది. మీ వాడికి వీటిలో ఏదీ లేదు కాబట్టి అసలు చిక్కు ఆ వాంతి ఒక్కటే.

వాంతికి రెండు కారణాలు ఉంటాయి. ఒకటి లోపలి చెవి. ఒంటి తూకాన్ని చూసుకునే భాగం అక్కడే ఉంటుంది. కారు కదులుతోందని చెవి చెబుతుంటే, ఎదురుగా ఉన్న సీటు కదలట్లేదని కన్ను చెబుతుంది, ఆ గందరగోళంలో కడుపు తిప్పుతుంది. పిల్లకుక్కల్లో ఆ భాగం పూర్తిగా ఎదిగి ఉండదు కాబట్టి వాటికి ఎక్కువ, చాలావాటికి ఏడాది వయసు వచ్చేసరికి తగ్గిపోతుంది. రెండోది భయం. మీ వాడికి మూడేళ్లు, కారెక్కితే చేరేది సూది దగ్గరికే. అందుకే నాకు రెండోదాని మీదే అనుమానం ఎక్కువ. తేల్చుకోవడం సులువు. ఇవాళ కారు తలుపు తీసి, ఇంజిన్ వేయకుండా, వాణ్ణి ఎక్కించి రెండు నిమిషాలు పక్కన కూర్చోండి. కారు కదలకముందే పెదాలు పదేపదే నాక్కుంటున్నాడా? నిద్ర రాకపోయినా ఆవలిస్తున్నాడా? చెవులు వెనక్కి వాలి, కంటి మూలల్లో తెల్లగుడ్డు కనిపిస్తోందా? నోటి అంచున సన్నటి తీగలా చొంగ మొదలైందా? అయితే అది భయం. ఇవేవీ లేకుండా పది నిమిషాలు పోయాక మొదలైతే చెవి సంగతి. రెండూ కలిసి ఉండటమూ మామూలే. ముందు కడుపులో తిప్పడం మొదలై, తర్వాత కారంటేనే భయంగా మారుతుంది.

భయాన్ని పోగొట్టేందుకు చేయాల్సిన పని చూడ్డానికి వెర్రిగా ఉంటుంది. మొదటి మూడు నాలుగు రోజులు కారు ఎక్కడికీ పోదు. రాత్రి తిండి గిన్నె తీసుకెళ్లి తలుపు తీసిన కారు పక్కన పెట్టండి. మర్నాడు కారు గడప మీద. ఆ తర్వాత వెనక సీటు మీద, మీరూ పక్కనే కూర్చుని. తినకుండా మొహం తిప్పుకుంటే తొందరపడ్డామని అర్థం, ఒక మెట్టు వెనక్కి రండి. లోపల నింపాదిగా తింటున్నాక ఇంజిన్ వేసి, కదలకుండా రెండు నిమిషాలు ఉంచి ఆపేయండి. తర్వాత వీధి చివరిదాకా, మర్నాడు ఇంకాస్త దూరం. కారు కదిలే రోజుల్లో మాత్రం బయల్దేరేముందు గిన్నెడు తిండి వద్దు, రెండు బిస్కెట్ ముక్కలు చాలు. ప్రతిసారీ చేరే చోటు వాడికి ఇష్టమైనదై ఉండాలి. పార్కు కావచ్చు, గడ్డి కావచ్చు, మీ స్నేహితుల ఇల్లు కావచ్చు. ఈలోపు డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే, దగ్గరైతే నడిపించుకు వెళ్లండి. మధ్యలో ఒక్కసారి వాంతి అయినంత మాత్రాన చేసిందంతా పోదు, కానీ అరవకండి. తుడిచేసి ఊరుకోండి.

మందు విషయానికొస్తే, వాంతి ఆపడానికి డాక్టర్లు ఎక్కువగా రాసేది మెరొపిటెంట్. ఇది మత్తు మందు కాదు. బయల్దేరడానికి కనీసం రెండు గంటల ముందు, చిన్న తిండి ముక్కతో ఇవ్వాలి. మాత్రను ముద్దలో గట్టిగా చుట్టి ఇస్తే ఆలస్యంగా కరుగుతుంది, కాబట్టి పైపైన పెట్టి ఇవ్వండి. ఒక హెచ్చరిక ఏమిటంటే, మామూలు వాంతులకు ఇచ్చే డోసు, ప్రయాణపు వాంతికి ఇచ్చే డోసు ఒకటి కావు. మొదటిది కిలో బరువుకు 2 మిల్లీగ్రాములైతే రెండోది 8. అందుకే ఎప్పుడో కడుపు బాగోలేనప్పుడు మిగిలిన మాత్రలు వెతికి వేయకండి, ఈ వారం బరువు తూయించి కొత్తగా రాయించుకోండి. భయం మరీ ఎక్కువైతే ట్రాజొడోన్, గాబాపెంటిన్ లాంటివి డాక్టరే ఆలోచిస్తారు. ఏ మందైనా మొదటిసారి ప్రయాణం రోజున ఇవ్వకండి. సెలవు రోజున ఇంట్లో ఇచ్చి, ఎంతసేపు పనిచేస్తోంది, తూలుతున్నాడా, తిక్కగా ప్రవర్తిస్తున్నాడా చూడండి. కొన్ని కుక్కల్లో ఇవి తలకిందులుగా పనిచేస్తాయి.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడే ఇంకో రెండు పనులు చూసుకోండి. రేబీస్ టీకా గడువు ఎప్పటిదాకా ఉందో కాగితం మీద తేదీ చూడండి, జ్ఞాపకాన్ని నమ్మకండి. కెన్నెల్ దగ్గు (కుక్కల నుంచి కుక్కలకు అంటుకునే దగ్గు) టీకా వేయించాలా అని అడగండి. బోర్డింగ్‌లో, అంటే డబ్బు తీసుకుని కుక్కల్ని చూసుకునే చోట, వదిలే అవకాశం ఉంటే చాలాచోట్ల అది అడుగుతారు. ముక్కులో వేసే రకం కొద్దిరోజుల్లో పనిచేస్తుంది, సూది రకమైతే రెండు డోసులకు మధ్య కొన్ని వారాల ఎడం కావాలి. అంటే ఆఖరి వారంలో గుర్తొస్తే లాభం లేదు. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉంటే దానికి జతచేసిన ఫోన్ నంబరు ఇప్పటిదేనా చూసుకోండి. పాత నంబరు ఉన్న చిప్ ఉన్నా లేనట్టే. చిప్ ఉన్నా సరే, మెడపట్టీకి ఫోన్ నంబరు చెక్కిన బిళ్ల ఉండాలి. దొరికినవాళ్ల జేబులో స్కానర్ ఉండదు కదా.

కారులో కూర్చోబెట్టే విషయంలో నేను కాస్త మొండి. ఒళ్లో వద్దు, ముందు సీటు అసలు వద్దు, ఎయిర్‌బ్యాగ్ మనుషుల కొలతకు తయారైంది. వెనక సీట్లో ఛాతీకి వేసే హార్నెస్, దానికి తగిలించే సీటు బెల్టు పట్టీ పెట్టండి. మెడపట్టీకి బెల్టు తగిలించకండి, గట్టిగా బ్రేకు వేస్తే ఆ బరువంతా మెడ మీదే పడుతుంది. కారులో చోటుంటే క్రేట్, అంటే తలుపున్న కుక్క పెట్టె, ఇంకా మంచిది. నిలబడి, తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత ఉంటే సరిపోతుంది. మరీ పెద్దదైతే మలుపుల్లో లోపల దొర్లుతాడు. హార్నెస్ గానీ క్రేట్ గానీ ఇవాళే తెచ్చి ఇంట్లో వాడటం మొదలుపెట్టండి. తలుపు తీసి ఉన్న క్రేట్‌లో తనంతట తాను పోయి కునుకు తీస్తున్నాడంటే సగం ప్రయాణం అయిపోయినట్టే. కిటికీలోంచి తల బయటపెట్టి గాలి పీల్చే కుక్క ఫోటోకు ముచ్చటగా ఉంటుంది, నిజానికి కంట్లో దుమ్ము, రాళ్ల నలుసులు పడతాయి. రెండు వేళ్ల సందు చాలు. వాంతి వచ్చే కుక్కకు ఆ కొంచెం గాలి మేలే చేస్తుంది.

కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా ఆగిన చోటే, కారు తలుపు తీసిన ఆ క్షణంలో. కాళ్లు పట్టేసి, మూత్రం ఆపుకుని ఉన్న కుక్క తలుపు తెరుచుకోగానే దూకుతుంది, అది రోడ్డా గడ్డా చూడదు. అందుకని క్రమం ఇలా అలవాటు చేయండి. కారు ఆగాక ముందు ఒకరు లోపలి నుంచే లీష్ (నడిపించే తాడు) తగిలించి, దాని కొసను చేతికి చుట్టకుండా ముంజేతికి తొడుక్కుని గట్టిగా పట్టుకోవాలి. ఆ తర్వాతే సీటు పట్టీ విప్పాలి. ఆ తర్వాతే తలుపు. అప్పుడు కూడా "ఆగు" అని చెప్పి, మీ వైపు చూశాకే దిగనివ్వాలి. ఇంటి ముందు ఈ మూడు వారాల్లో ఎన్నిసార్లు కారెక్కితే అన్నిసార్లు ఇదే క్రమం. పిల్లలుంటే వాళ్లకు ఒక్క మాటే గట్టిగా చెప్పండి, "కుక్క ఉన్న వైపు తలుపు పెద్దవాళ్లే తీయాలి."

రెండు మూడు గంటలకోసారి ఆపండి. ఆరు గంటల ప్రయాణానికి రెండు పెద్ద విరామాలు సరిపోతాయి. పావుగంట నడిపించి, ఒకటికి రెంటికి అయ్యాక, కాసిని నీళ్లు పట్టండి. ఒకేసారి గిన్నెడు వద్దు. ప్రయాణం రోజున భోజనం బయల్దేరడానికి నాలుగు గంటల ముందైనా అయిపోవాలి. తెల్లవారుజామున బయల్దేరేటట్లయితే ముందురాత్రి పెట్టి, చేరాక మళ్లీ పెట్టండి. ఒక పూట తిండి తగ్గితే ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు ఏమీ కాదు. పిల్లకుక్కలు, షుగర్ జబ్బున్న కుక్కల సంగతి వేరు, వాటికి డాక్టర్ చెప్పినట్టే.

తెల్లవారుజామునే బయల్దేరమనడానికి ఇంకో కారణం ఎండ. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దాని ఏసీ. మామూలుగా ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది, 41 దగ్గరికి పోతే ప్రాణం మీదికి వస్తుంది. "రెండు నిమిషాల్లో టీ తాగి వచ్చేస్తాం" అని కారులో వదిలేయడం వల్లే చాలా కుక్కలు పోయాయి. ఆగి ఉన్న కారులో వేడి ఎలా పెరుగుతుందో కొలిచి 2005లో అమెరికా పరిశోధకులు ప్రచురించారు. గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. బయట చల్లగా ఉన్న రోజైనా అంతే. అద్దాలు కాస్త దించి ఉంచితే పెద్ద తేడా లేదు. కాబట్టి తినడానికి ఆగితే ఒకరు తిని వచ్చేదాకా ఇంకొకరు కుక్కతో బయట నీడలో ఉండాలి. ఆ మాట బయల్దేరకముందే అనుకోండి, ఆకలి మీద ఉన్నప్పుడు ఎవరూ ఒప్పుకోరు.

రొప్పు ఆగకుండా, నాలుక ముదురు ఎరుపెక్కి, చొంగ చిక్కబడి, తూలుతుంటే అది వడదెబ్బ. ముందు చల్లబరచాలి, తర్వాత ఆసుపత్రికి. నీడకు తెచ్చి ఒళ్లంతా తడిసేలా చల్లటి నీళ్లు పోస్తూ, గాలి తగిలేలా చేయండి. పొట్ట కింద, తొడల లోపల బాగా తడపండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి. దారిలో ఉన్న ఊళ్లలో, చేరే చోట కుక్కల ఆసుపత్రి ఎక్కడుందో, రాత్రి తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కుని ఫోన్ నంబర్లు రాసుకోండి.

బస గురించి. "కుక్కల్ని అనుమతిస్తాం" అన్న ఒక్క మాటతో ఆగిపోకండి. ఎంత బరువు వరకు? గదిలో ఒంటరిగా వదలొచ్చా? లోపలికి రానిస్తారా లేక బయట కట్టేయమంటారా? ఆవరణలో వేరే కుక్కలు వదిలి ఉంటాయా? ఎలుకల మందు ఈమధ్య పెట్టారా? ఆఖరి ప్రశ్నకు అవతలివాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. జవాబులు మెసేజ్ రూపంలో తీసుకోండి. కింది అంతస్తు దొరికితే అదే తీసుకోండి, అర్ధరాత్రి కడుపు పాడైతే మెట్ల విలువ తెలుస్తుంది.

సామానులో ముఖ్యమైనది వాడు రోజూ తినే తిండే. ఉండే రోజులకు సరిపడా, పైన ఇంకో రెండు రోజులది ఎక్కువ. అక్కడ దొరికే వేరే రకం పెడితే విరేచనాలు పట్టుకోవడానికి అదొక్కటి చాలు. వాడు పడుకునే దుప్పటి ఉతక్కుండా తెండి, మీకు కంపు, వాడికి ఇల్లు. గిన్నెలు, మలం ఎత్తే సంచులు, పాత తువ్వాళ్లు, రోజూ వాడే మందులు, టీకా కాగితాల ఫోటో, వాడి తాజా ఫోటో ఒకటి ఫోన్‌లో. లీష్ రెండోది తప్పనిసరి, ఒకటి ఎప్పుడూ ఎక్కడో ఒకచోట మర్చిపోతాం.

చేరాక సామాను దించే హడావిడిలో కుక్కను ఊరికే వదలకండి. ఒకరు లీష్‌తో ఆవరణ చుట్టూ నిదానంగా తిప్పండి, ముక్కుతో ఎంతసేపు చూసుకుంటే అంతసేపు. ఇంకొకరు గదిలో మంచం కింద, మూలల్లో, బాల్కనీ కమ్మీల సందుల్లో చూడండి. తర్వాత లోపలికి తెచ్చి దుప్పటి పరిచి, నీళ్లు పెట్టి, ఓ గంట వాడి జోలికి పోకండి. పిల్లలు, బంధువులు ముద్దు చేయడానికి ఆ గంట ఆగాలి. ఎంత మాట వినే కుక్క అయినా ఆ నాలుగు రోజులూ లీష్ లేకుండా వదలొద్దు. తెలియని చోట బెదిరిన కుక్క తెలిసిన పిలుపుకు కూడా రాదు. ఒంటరిగా వదలాల్సి వస్తే మొదట ఐదు నిమిషాలు బయటికి పోయి తలుపు దగ్గర వినండి. మొరగకపోతే ఆ సమయం పెంచండి.

మొదటి రాత్రి సరిగా పడుకోకపోవడం, ఒక పూట తినకపోవడం మామూలే. టెన్షన్ వల్ల జిగటగా, ఒక్కోసారి ఎర్రటి చార పడి విరేచనం అవుతుంది. ఆటపాటల్లో తేడా లేకపోతే ఒకరోజు చూడొచ్చు. నీరసపడినా, వాంతులు తోడైనా, రక్తం ఎక్కువగా కనిపించినా డాక్టరే. నీళ్లున్న చోటికి వెళ్తున్నట్టయితే, సముద్రపు నీళ్లు తాగనివ్వకండి, ఉప్పు ఎక్కువైతే విరేచనాలతో మొదలై ఫిట్స్ దాకా పోతుంది. ఆకుపచ్చ తెట్టు కట్టిన చెరువు నీళ్లు అంతకన్నా ప్రమాదం. గడ్డిలో తిరిగి వచ్చిన ప్రతిసారీ గోమార్ల కోసం చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద, తోక మొదట్లో వేళ్లతో తడిమి చూడండి. దొరికితే చర్మానికి ఆనించి పట్టకారుతో నేరుగా పైకి లాగండి. నూనె పోయడం, కాల్చడం వద్దు. ఇంటికొచ్చాక కూడా రెండు మూడు వారాలపాటు జ్వరం, నీరసం కనిపిస్తే డాక్టర్‌కు ఎక్కడికి వెళ్లొచ్చారో చెప్పండి.

దేశం దాటే వాళ్లు, విమానంలో వెళ్లే వాళ్లు దీన్ని చదివి మూడు వారాలు చాలనుకోకండి. చాలా దేశాలు ముందు 15 అంకెల మైక్రోచిప్, ఆ తర్వాతే రేబీస్ టీకా, దాని తర్వాత కనీసం 21 రోజుల ఎడం అడుగుతాయి. కొన్నిటికి రక్తపరీక్షలో రేబీస్ యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకుండా ఉండాలి, ఆ తర్వాత నెలల తరబడి ఆగాలి. టీకా ముందు, చిప్ తర్వాత అయితే చాలాచోట్ల ఆ టీకాను లెక్కలోకే తీసుకోరు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులను చాలా విమాన సంస్థలు సామాన్ల అరలో ఎక్కించుకోవు, వాటికి ఊపిరి ఇబ్బంది కాబట్టి అది న్యాయమే.

ఇక మీ విషయంలో గడువు ఒకటి పెట్టుకోండి. బయల్దేరడానికి ఐదు రోజుల ముందు, మందు వేసి, హార్నెస్‌తో, గంటసేపు పోయి రండి. ఒకసారి కాస్త చొంగ కార్చినా ఆగిన చోట తోక ఊపుతూ వాసన చూస్తూ, ఇచ్చిన బిస్కెట్ తింటే తీసుకెళ్లండి. మందు వేశాక కూడా వాంతి చేసుకున్నా, దారి పొడవునా వణికినా ఈసారికి వదిలేసి, ఆ అభ్యాసం ఇంకో రెండు నెలలు చేయండి. అందుకోసం బోర్డింగ్‌లో గానీ, ఇంటికొచ్చి చూసుకునే మనిషితో గానీ ఈ వారమే మాట్లాడి చోటు పెట్టుకోండి, వచ్చే వారం ఒక రాత్రి అక్కడ ఉంచి కూడా చూడండి. అక్కర్లేకపోతే రద్దు చేసుకోవడానికి ఒక ఫోన్ చాలు.